కళ్ళంలో తెరచాప

తెల్లవారకముందే డేవిడ్‌రాజు వాకిట్లో తిరుగుతూ వేపకొమ్మల వంక చూస్తున్నాడు. ఆకు కదలడం లేదు. పొయ్యి ముందు కూర్చున్న సుధారాణికి పైకెత్తిన మొగుడి మొహం కనబడుతోంది, అడుగుల చప్పుడు వినబడుతోంది, గడప నుంచి దడి దాకా, దడి నుంచి గడప దాకా.

నేవీలో పనిచేసి వచ్చిన మనిషి. తెరచాప బిగించిన పలక మీద నిలబడి సోమశిల రిజర్వాయరు నీళ్ళపై గాలితో పరుగెత్తుతాడు. దేశంలో అందరికన్నా వేగంగా పోయి రికార్డు కొట్టాలని యావ. వేగం కొలవడానికి మద్రాసు నుంచి సెయిలింగ్ క్లబ్బు వాళ్ళు వచ్చి, గాలి లేక ఊరికే కూర్చున్నారు. ఈ సాయంత్రం వెళ్ళిపోతారు.

"వింజమూరు స్కూల్లో డ్రిల్లు మాస్టరు పని ఉండాదంట" అంది సుధారాణి.

అతను వినిపించుకోలేదు. సామాన్ల కొట్లోకి పోయి అంతే వేగంగా బయటికి వచ్చాడు.

"సుధా, చాప ఏది?"

"కళ్ళంలో. రాత్రి మబ్బు పట్టిందని వడ్ల మీద కప్పను అత్తమ్మ పట్ట అడిగింది. అదే ఇచ్చినాను."

"పట్ట కొట్లోనే ఉండాదే!"

అతను కళ్ళానికి పరుగెత్తాడు. వెనకే ఆమె.

ఎడగారు పంట వడ్ల కుప్ప మీద తెరచాప, నాలుగు మూలలా రాళ్ళు. పక్కనే అత్త మస్తానమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని పడమర వైపు చూస్తూ ఉంది.

"దీని మీద రాళ్ళు పెడతారామ్మా?"

"వడ్లు తడిస్తే నీ రికార్డు వండుకుని తింటామా?"

డేవిడ్‌రాజు పెళ్ళాం వైపు తిరిగాడు. "పట్ట కనపళ్ళేదా నీకు?"

"కనపడింది. కావాలనే ఇచ్చినాను. నీళ్ళ మీద చుక్కలాగా మాయమైపోతారే, ఇక్కడ నా ప్రాణం ఎట్టుంటాదో ఎప్పుడన్నా అడిగినారా?"

"అడగలా" అన్నాడు. "నువ్వు ఒక్కనాడన్నా ఒడ్డుకొచ్చి చూసినావా?"

అప్పుడే కళ్ళంలో దుమ్ము లేచింది. మస్తానమ్మ చివాలున లేచింది.

"ఒరే, గాలిరా! పడమటి గాలి! తియ్యండి ఆ గుడ్డ, తూర్పార పట్టాల!"

రాళ్ళను కాలితోనే తోసేసింది. కొడుకు లేడు, కోడలు లేదు, ఆ కళ్ళకు గాలి తప్ప ఏమీ ఆనలేదు. పొద్దున వాకిట్లో చూసిన మొగుడి మొహమే ఇది. గాలి కోసం కాచుకోవడాన్ని ఇంతకాలం సుధారాణి అత్తలో ఓపిక అనుకుంది, మొగుడిలో పిచ్చి అనుకుంది.

డేవిడ్‌రాజు తెరచాప ఒక కొస అందుకున్నాడు, ఆమె వంగి రెండో కొస పట్టుకుంది. "చుట్టండి. నేనూ వస్తా."

సోమశిల ఒడ్డున నిలబడి, నీళ్ళను చీల్చుకుంటూ పోయే ఆ చాపను రెప్ప వేయకుండా చూసింది. తెలియకుండానే చెంపలు తడిశాయి. రికార్డు వెంట్రుకవాసిలో తప్పిపోయిందన్నారు కొలిచినవాళ్ళు. డేవిడ్‌రాజు తల వంచుకుని ఒడ్డుకు వచ్చాడు.

సుధారాణి చాప అంచుకు అంటుకున్న వడ్లగింజను గోటితో తీసి పారేసింది.

"గాలి ఇంకా ఉండాది గదా. మళ్ళీ పోండి."