తర్కంలో తొమ్మిదో పాఠం

"సన్న పుస్తకమే ఖాయం చేశాను," అంది జనీన్, వేడి పాన్‌కేకులు కూతురి పళ్ళెంలోకి జారుస్తూ.

రెండో తరగతిలో బడి మాన్పించిన దగ్గర్నుంచీ కెజాయకు ఈ వంటింటి బల్లే బడి, తల్లే టీచరు. ఆగస్టులో పదకొండో తరగతి మొదలు. ఈ ఏడు తర్కం కూడా చెప్పుకోవాలన్నది ఇద్దరి ముచ్చటా. నెల రోజులుగా జనీన్ చూడని పుస్తకం లేదు, ఇంట్లోనే చదువు చెప్పే తల్లుల్లో సలహా అడగని తల్లి లేదు. చివరికి రెండు మిగిలాయి. సన్నదాంట్లో మనుషులు వాదనల్లో ఎక్కడెక్కడ తప్పటడుగులు వేస్తారో బొమ్మలతో ఉంటుంది. లావుదాంట్లో అన్నీ గుర్తులూ పట్టికలే.

"సన్నదే ఎందుకు?" అంది కెజాయ.

"బొమ్మలున్నాయి. సరదాగా ఉంటుంది."

"నాకు పదహారేళ్ళమ్మా! బొమ్మలు చూపించి తినిపించే వయసా నాది? లావుది నా ఫ్రెండు లిడియా వాళ్ళింట్లో చూశాను. ఎంత బాగుందో! మాటలన్నీ ఒలిచేసి, లోపల వాదన ఎలా నిలబడిందో చూపిస్తుంది."

"అది వట్టి చప్పిడిదని అందరూ అంటున్నారు."

"ఎంతమంది అంటే నిజమవుతుంది?"

తండ్రి వెండెల్ కాఫీ కప్పు వెనక నుంచి నవ్వాడు. "ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే ఇలా ఉంది. మొదలెడితే మన పని అయిపోయినట్టే."

"ముందు సరదా అన్నావు. ఇప్పుడు అందరూ అంటున్నావు," కెజాయ వదల్లేదు. "అసలు కారణం ఇంకేదో ఉంది. అది చెప్పు, ఒప్పుకుంటాను."

"నోరు బాగా లేస్తోంది నీకు! ఈ ఇంట్లో ఏ పాఠం చెప్పాలో నిర్ణయించేది నేను. తిను ముందు."

అసలు కారణం ఉంది. తొమ్మిదేళ్ళ కింద కూతుర్ని బడి మాన్పించడానికి వెండెల్ సందేహిస్తుంటే, "నాకు చేతకాని పాఠం వచ్చిన రోజున నేనే దీన్ని బడిలో చేర్పిస్తాను," అని జనీన్ మాట ఇచ్చింది. ఆల్జీబ్రా గడిచింది, కెమిస్ట్రీ గడిచింది. అన్నిట్లోనూ ఆవిడ కూతురికంటే ఒక పాఠం ముందు నడిచి గట్టెక్కింది. ఈ వేసవిలో కూడా అందరికంటే ముందు లేచి, బట్టలుతికే మిషన్ పక్కన స్టూలేసుకుని లావు పుస్తకం మొదలుపెట్టింది. ఎనిమిది పాఠాలు బాగానే సాగాయి. నిజం చెప్పాలంటే చిన్నపిల్లలా సంబరపడింది. తొమ్మిదో పాఠం దగ్గర పదకొండు రోజులు కూర్చుంది. ఒక్క అక్షరం ఎక్కలేదు. చివరికి రాసినదంతా రబ్బరుతో చెరిపేసి, పుస్తకాన్ని పాత పుస్తకాల మార్పిడికి పంపే పెట్టెలో అడుగున పడేసింది.

శనివారం చర్చి కింది హాల్లో పాత పుస్తకాల మార్పిడి. ఇంట్లో చదువు చెప్పుకునే కుటుంబాలన్నీ వస్తాయి. ఆ పుస్తకాల్లో ఎవరూ పెన్నుతో రాయరు. పెన్సిలుతో రాయడం, ఏడాది చివర చెరిపి ఇంకొకరికి ఇవ్వడం అక్కడి పద్ధతి. పేజీలు తిప్పి, మిగిలిపోయిన జవాబులు చెరిపే పని కెజాయది.

లావు తర్కం పుస్తకం చేతికి రాగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. ఎవరో పుణ్యాత్ములు ఇచ్చారనుకుంది. పేజీ వాల్చి చూస్తే, చెరిపినా పెన్సిలు నొక్కులు కనపడుతున్నాయి. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత. అలా రాసేది, అంత గట్టిగా నొక్కి రాసేది ఆమెకు తెలిసి ఒక్క మనిషే. తొమ్మిదో పాఠం దగ్గర కాగితం చెరిపి చెరిపి పల్చబడిపోయింది. "వాన పడితే నేల తడుస్తుంది" అన్న వాక్యం పక్కన, అంచున ఒక ప్రశ్న: "వాన పడకపోయినా ఇది నిజం ఎలా అవుతుంది?"

కాఫీ పోస్తున్న తల్లిని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. "ఇదేనా అమ్మా ఆ చప్పిడి పుస్తకం?"

జనీన్ ముఖం పాలిపోయింది. ఆ తర్వాత దాచడం ఆవిడ వల్ల కాలేదు. "నాకు రాలేదే! ఎంత కొట్టుకున్నా రాలేదు. చేతకాకపోతే నిన్ను బడికి పంపిస్తానని మీ నాన్నకి మాటిచ్చాను. నాకు చేతకాలేదు. ఇంక నిన్ను పంపించాల్సిందే కదా? చివరి రెండేళ్ళు... నువ్వు ఆ బల్ల దగ్గర ఉండవు కదా?" మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

కెజాయ పక్కన కూర్చుంది. ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

"సరే, నీ ప్రశ్నే చూద్దాం. వాన పడితే కోళ్ళని లోపల పెడతానని నాన్నకి చెప్పావనుకో. వాన పడలేదు. నువ్వు పెట్టలేదు. మాట తప్పినట్టా?"

"తప్పడమేముంది? వానే పడలేదు కదా."

"మరి నువ్వు చెప్పింది అబద్ధమా?"

"కాదు..." జనీన్ ముక్కు తుడుచుకోవడం ఆపేసింది. "అబద్ధం కాకపోతే... నిజం కిందే లెక్క. ఓరి దేవుడా! ఇంతేనా?"

"ఇంతే."

"పదకొండు రోజులే!" అని ఆవిడ ఏడుపు మధ్యలోనే నవ్వింది. "మరి నా సంగతో? చేతకాకపోతే పంపిస్తానన్నాను. చేతకాలేదు. కాబట్టి పంపాలి. ఇందులో తప్పేదీ?"

"వాదన కట్టడం బ్రహ్మాండంగా కట్టావు. రెండో మాటే నిజం కాదు. ఎనిమిది పాఠాలు నీ అంతట నువ్వు చేశావు, తొమ్మిదోది ఇప్పుడే వచ్చింది. చేతకానిది ఎవరికి?"

 జనీన్ కూతుర్ని కౌగిట్లోకి లాక్కుంది.

"లిడియా వాళ్ళింట్లో చూసినప్పుడు పదో పాఠం నాకే అర్థం కాలేదు," అంది కెజాయ ఆ కౌగిట్లోంచే. "ఇద్దరం కలిసి చూద్దామా? రాత్రికి నాన్నకి మనమే చెబుదాం."

"చూద్దాం. నువ్వు మాత్రం మెల్లిగా చెప్పాలి నాకు."

కెజాయ జేబులోంచి పెన్సిలు తీసి ఇచ్చింది. "గట్టిగా నొక్కకు మరి. పై ఏడాది ఇంకొకరికి ఇవ్వాలి."

జనీన్ పెన్సిలు పక్కన పెట్టి, చేతిసంచిలో వెతికి పెన్ను తీసింది. నలిగిపోయిన ఆ పేజీ తెరిచి, చెరిపేసిన తన ప్రశ్న కిందే సిరాతో జవాబు రాసింది.

"ఇది ఇంకెవరికీ ఇవ్వను," అంది.