మంగళవారం ప్రయాణం

రేకు పెట్టెలో నోట్ల కట్ట ఉంది. రెండు జతల బట్టలున్నాయి. పాస్‌పోర్ట్ లేదు.

ఎస్సై అనురాధ మోకాళ్ల మీద కూర్చుని పెట్టెలోకి చూసింది. సూర్యాపేటలో చివ్వెంల రోడ్డు పక్కన, ముసలి రుక్కమ్మ ఇంటి వెనక అద్దె గది అది. మంగళవారం ఉదయం తొమ్మిది.

"బస్సు ఎన్నింటికి?"

"పన్నెండుకు మేడం," అన్నాడు జల్మయ్. "రాత్రికి ఢిల్లీ విమానం. రేపు పొద్దున అమెరికా ఎంబసీకాడ ఇంటర్వ్యూ."

జల్మయ్‌ది అఫ్గానిస్తాన్. కాందహార్‌లో అమెరికా సైన్యానికి దుబాసీగా పనిచేశాడు. కాబూల్ పతనానికి కొద్దిగా ముందు వైద్యం కోసం హైదరాబాద్ వచ్చాడు. తిరిగి వెళ్లలేకపోయాడు. సూర్యాపేట వచ్చి డ్రైఫ్రూట్స్ దుకాణంలో కుదిరాడు. తమ సైన్యానికి పనిచేసిన ఇలాంటివాళ్లకు అమెరికా ప్రత్యేక వీసా ఇస్తుంది. అతనికి వస్తేనే సరిహద్దు దాటి క్వెట్టాలో దాక్కున్న భార్యకూ, కూతురికీ వస్తుంది. పిలుపు రావడానికే మూడేళ్లు పట్టింది. ఇది తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పరు.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"శనివారం. నిన్న సర్దుకుందామని తెరిస్తే లేదు."

"ఇంకేం పోయింది?"

"ఒక పాత తువాల. గంతే."

అనురాధ తలెత్తింది. దొంగ డబ్బు ముట్టలేదు. పాత తువాలు పట్టుకుపోయాడు.

కోదాడలో వీసా ఏజెంట్ మల్లేష్ పోయిన వారం జల్మయ్‌తో గొడవపడ్డాడు. అనురాధ ఫోన్ చేసింది.

"నాకెందుకండీ అది?" అన్నాడు మల్లేష్. "అఫ్గాన్ పాస్‌పోర్టుకి మార్కెట్ ఎక్కడుంది మేడం? ఊరికే ఇచ్చినా తీసుకోను!"

పక్కింటి ఎల్లయ్య గొర్రెల మందతో మిర్యాలగూడ వైపు వెళ్లి పది రోజులైంది. ఇంటికి తాళం. తాళంచెవి రుక్కమ్మకు ఇచ్చి వెళ్లాడు.

కానిస్టేబుల్ హన్మా గొంతు తగ్గించాడు. "ముసలామెనే మేడం. ఒక్కతే ఉంటది. రోజూ ఇద్దరు కలిసే తింటరు. గీయన పోతె గామెకు ఎవరున్నరు?"

క్వార్టర్‌లో అనురాధ కూడా ఒక్కతే తింటుంది. హన్మా చెప్పింది నిజమే కావచ్చనిపించింది.

మళ్లీ పెట్టెలోకి చూసింది. మూలన నాలుగు బియ్యపు గింజలు. మూత అంచున పసుపు మరక.

"ఈ గదిలో వండుకుంటారా?"

"లేదు మేడం. అవ్వ ఇంట్లనే తింట."

అనురాధ లేచి ముందు అరుగు దగ్గరికి నడిచింది. రుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. జల్మయ్, హన్మా వెనకే వచ్చారు.

"అవ్వా, ఇయ్యాల ఏం వారం?"

"మంగళారం."

"మంగళారం దూరం పోవచ్చా?"

"ఎవరన్న పోతరా, బిడ్డా?"

"అందుకే ఆదివారం ప్రస్థానం పెట్టినవా?"

రుక్కమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

అనురాధ జల్మయ్ వైపు తిరిగింది. "మంచి రోజున బయలుదేరే వీలు లేకపోతే మావాళ్లు ముందే ఒక మూట కడతారు. బియ్యం, పసుపు, వెంట తీసుకెళ్లే వస్తువు ఒకటి. దాన్ని పక్కింట్లో ఉంచుతారు. ప్రయాణం మంచి రోజునే మొదలైనట్టు లెక్క. ఆదివారం మీరు దుకాణంలో ఉన్నారు. మూట కట్టింది మీ తువాలుతోనే."

"అవ్వా!" జల్మయ్ ఆమె ముందుకొచ్చాడు. "నిన్నటిసంది పరేషాన్ అయితున్న. జర చెప్పకపోతివి?"

"చెప్తే తెచ్చుకుంటవ్. పెట్టినంక మళ్ల ఇంట్లకు తెస్తే ప్రయాణం చెడ్తది. బస్సు టయానికి ఇద్దామనుకున్న. నువ్వు నన్ను అడగకుంటనే ఠాణాకు ఉరికితివి. జీపు సూసినంక నాకు నోరు పెగల్లే."

"చొక్కా పెట్టొచ్చు కదా అవ్వా," అంది అనురాధ. "పాస్‌పోర్టే దొరికిందా?"

"పాస్‌పోర్టు లేకుంటే పోలేనన్నడు గదా, బిడ్డా. ఎట్లన్న జేసి పోవాల్నని దాన్నే పెట్టిన."

హన్మా నేల చూపులు చూశాడు.

రుక్కమ్మ ఎల్లయ్య ఇంటి తాళం తీసింది. మూటలో పాస్‌పోర్ట్ ఉంది, అంచులకు పసుపు అంటి. మూట అందుకున్న జల్మయ్‌ను ఆమె మళ్లీ తన గడప తొక్కనివ్వలేదు. బట్టల సంచి హన్మా తెచ్చి ఆటోలో పెట్టాడు.

జల్మయ్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "పోయొస్త, అవ్వా."

వెళ్లేవాళ్లు ఇక్కడ అనే మాటే అది. వస్తానని చెప్పకుండా వెళ్తే అపశకునమంటారు.

రుక్కమ్మ చేతులు విడిపించుకుంది.

"రాకు బిడ్డా. నీ పెండ్లాం బిడ్డ కాడికి పో."