ముంగురుల సాక్ష్యం

"ప్రార్థన జరిగేటప్పుడు మగవాళ్లు టోపీ తీయాలని మీకెవరూ చెప్పలేదా, బ్రదర్?" అంది టీనా.

"బిర్యానీ తినేటప్పుడు ఆడవాళ్లు ముసుగు తీయొచ్చని మీకెవరూ చెప్పలేదా, సిస్టర్?" అన్నాడు డేవిడ్‌సన్.

పేపరు ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడి వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవే. బయట జూన్ నెల ఎండ కాస్తోంది. అతని తలమీద మాత్రం కనుబొమల దాకా లాగిన ఉన్ని టోపీ ఉంది. ఆమె తలమీద చున్నీ, అది జారకుండా నాలుగు పిన్నీసులు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఇద్దరూ అవతలివాళ్లకే పిచ్చి అనుకున్నారు.

ఇదంతా లండన్‌లో జరిగింది. రాణీగారి లండన్ కాదు, కెనడాలో ఒంటారియోలో ఉన్నది. తణుకులో ఉన్న టీనా వాళ్లమ్మ ఆ తేడా చుట్టాలకు ఇంతవరకు విప్పి చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ ఊళ్లో తెలుగు క్రైస్తవ సహవాసం అంటే ఒకప్పుడు ఏడు కుటుంబాలు, ఒక కీబోర్డు. తర్వాత స్టూడెంట్ వీసాల వరద వచ్చింది. ఇప్పుడు ఆదివారం సాయంత్రమైతే అద్దె హాల్లో నూటనలభై మంది. అందరూ వాక్యం వినడానికే వస్తున్నామంటారు, కాని అందులో సగంమంది సరిగ్గా బిర్యానీ గిన్నె మూత తీసేవేళకు దిగుతారు. పెద్దవాళ్లు కూడా తక్కువేం తినలేదు. వెనకటికి పిల్లలు కనబడితే "రక్షణ పొందావా అమ్మా" అని అడిగేవారు. ఇప్పుడు శాశ్వత నివాసం గురించి "పీఆర్‌కి అప్లై చేశావా" అని అడుగుతున్నారు. పిల్లలు దేనికైనా ఒకటే జవాబు చెబుతారు, "ఇంకా లేదాంటీ, ప్రేయర్‌లో పెట్టండి" అని.

ఇంతమందిలో ముసుగు తీయని పిల్ల టీనా ఒక్కతే. ప్రార్థనలో అందరు ఆడపిల్లలూ చున్నీ కప్పుకుంటారు, ఆమెన్ అనగానే భుజంమీదికి లాగేస్తారు. టీనా మాత్రం హాల్లోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఇంటికెళ్లేదాకా అలాగే ఉంటుంది. దాంతో సహవాసంలో ఆమెకు మహా భక్తురాలని పేరొచ్చింది. సంఘానికి పెద్దయిన ఎలియాజరు గారి భార్య బాలకుమారి గారైతే పదిమందిని పిలిచి చూపించేవారు.

"చూడండమ్మా. మీరు కెనడా వచ్చాక చున్నీ సూట్‌కేసులోంచి తీయడం లేదు. ఈ అమ్మాయి తలమీంచి తీయడం లేదు. పైగా లోపల సాటిన్ గుడ్డ వేసి కుట్టుకుంది. ప్రభువు సన్నిధి అంటే ఎంత శ్రద్ధో."

టీనా తల వంచుకునేది. దాన్ని వినయం అన్నారు.

నిజం చెప్పాలంటే భక్తి కాదు, జుట్టు. టీనాది పుట్టుకతో ఉంగరాల జుట్టు. మన పద్యాల్లో ముంగురులంటే ముచ్చటే గాని, ఇంట్లో పిల్లకొస్తే కొబ్బరినూనె పెట్టి అణిచేస్తారు. నూనెకు లొంగకపోతే పార్లర్‌కి తీసుకెళతారు. టీనాకు తొమ్మిదో తరగతి నుంచి ఏటా మందు పెట్టి జుట్టు చీపురుపుల్లల్లా సాగదీయించింది వాళ్లమ్మ. ఫ్లైట్ ఎక్కే ముందువారం అన్నిటికన్నా ఘాటైన మందు పెట్టించింది, మళ్లీ ఎప్పుడు కుదురుతుందో అని.

కెనడాలో మొదటి ఏడాది పూర్తయ్యేసరికి ఆ జుట్టు తిరగబడింది. కుదుళ్ల దగ్గర ఉంగరాలు, కింద పుల్లలు, రెండూ కలిసేచోట పుటుక్కున తెగడం. అన్నిటికన్నా ఘోరం నుదుటి అంచు. చెవి నుంచి చెవి దాకా సగం వెంట్రుకలు రాలిపోయాయి, మిగతా సగం పైకి లేచి నిలబడ్డాయి.

ఆమె పార్ట్‌టైమ్ చేసే వృద్ధాశ్రమం వంటగదిలో డోరీన్ అనే పెద్దావిడ ఉంది, ముప్పై ఏళ్ల కిందట జమైకా నుంచి వచ్చిన మనిషి. ఆవిడ టీనా నుదురు చూసి గరిటె పక్కన పెట్టింది. మందు మానెయ్, వేడి ఇస్త్రీ మానెయ్, బిగించి జడ వేయకు, రాత్రి సాటిన్ గుడ్డ కట్టుకో, నూలు గుడ్డ నూనె తాగేస్తుంది, అంచులకు కాస్త తడి, కాస్త నూనె చాలు, పళ్లుతోమే మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా సర్దు, తిన్నటి కొసలు నెలకింత కత్తిరిస్తూ పో, అని పాఠం చెప్పింది. "అంచులంటే పసిపిల్లలే, లాగితే ఏడుస్తాయి" అని కూడా అంది.

పదకొండు నెలలుగా టీనా ఆ పసిపిల్లల్ని సాకుతోంది. ఈలోపు ఎవరి కంటా పడకూడదని ముసుగు వేసుకుంది. జరిగింది అంతే.

డేవిడ్‌సన్ ఎలియాజరు గారి ఏకైక కొడుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సహవాసం అయ్యాక కార్లు లేని పిల్లల్ని తన వ్యాన్‌లో ఇళ్లకు దింపుతాడు. టీనా అద్దెకుండే బేస్‌మెంట్ గది హాలుకి అన్నిటికన్నా దగ్గర. అయినా ఆమెనే ఆఖర్న దింపేవాడు. రూట్ ఆప్టిమైజ్ చేశానన్నాడు. అతను చేసే ఉద్యోగం చూసి అందరూ నమ్మారు.

"బ్రదర్, ఇది మా వీధే కదా, దాటిపోతున్నారేంటి?"

"వన్‌వే, సిస్టర్."

"పోయిన వారం వన్‌వే కాదే?"

"కెనడా. పాలసీలు వారం వారం మారతాయి."

ఆమె కిటికీవైపు తిరిగి నవ్వుకునేది. అద్దంలో ఆ నవ్వు చూసి అతను నిజంగానే ఇంకో వీధి దాటిపోయేవాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం వాన ఉతికేస్తోంది. అందరూ దిగిపోయారు. టీనా ఇంటి ముందు వ్యాన్ ఆపి, వైపర్లు మాత్రం ఆపకుండా డేవిడ్‌సన్ అన్నాడు, "ఒక రిక్వెస్ట్. ఇకనుంచి నన్ను బ్రదర్ అనొద్దు."

"మరేమనాలి? అంకుల్ అననా?"

"ముందు ఇది చూడండి. చూశాక అంకుల్ అనాలనిపిస్తే అనండి." అని టోపీ తీసేశాడు.

ఇరవైతొమ్మిదేళ్లకే నుదురు నడినెత్తి దాకా ఎగబాకింది. రెండు పక్కలా మూలలు ఖాళీ. నడుమ ఒక్క పాయ ఒంటరిగా కాపలా కాస్తోంది. టీనా చాలాసేపు చూసింది. టోపీ లేకపోతే అతని కళ్లు ఇంత పెద్దవా అనిపించింది.

"ఇందుకేనా ప్రార్థన మొదలవగానే పార్కింగ్ చూడాలంటూ బయటికి పోతారు?"

"అమ్మ ఐడియా. పెళ్లి కుదిరాక ప్రభువుకీ పెళ్లికూతురికీ ఒకేసారి చూపిద్దువుగానిలే అంది."

"ప్రభువుకి తెలియదంటారా?"

"తెలుసు. ఆయన ఎవరికీ చెప్పడని అమ్మ ధైర్యం."

టీనా పకపకా నవ్వింది. అతను నవ్వలేదు.

"మీరంటే నాకిష్టం, టీనా. భయం కూడా. మీ భక్తి ముందు నేనెంత. నాకు పది ఆజ్ఞలు కూడా వరసలో రావు."

చెప్పేయాల్సింది అప్పుడే. ఆమె చెయ్యి మొదటి పిన్నీసు దాకా వెళ్లింది కూడా.

"అమ్మకైతే మీ ముసుగు చూసే మీరు నచ్చారు. ఈ పిల్ల అయితే ఇంకేమీ చూడక్కర్లేదు అంటోంది," అన్నాడతను.

చెయ్యి కిందికి దిగింది. "వాన తగ్గేలా లేదు, వెళతాను," అని టీనా దిగిపోయింది. ఆమెకు అతనంటే ఇష్టం. చాలా ఇష్టం. అతను తనది దాచకుండా చూపించాడు, తను చూపించలేకపోయింది. ఆ సంగతికి మెట్లు దిగుతూ ఏడ్చింది.

అక్కడితో అయిపోలేదు. బాలకుమారి గారు ఆ వారమే ఫోన్ చేశారు.

"సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో కాలేజీల్లో చేరే పిల్లలు అరవైమంది దిగారమ్మా. ఒక్కదాని తలమీదా గుడ్డ లేదు. వచ్చే ఆదివారం ముసుగు గురించి నువ్వు అందరి ముందూ నీ అనుభవం సాక్ష్యంగా చెప్పాలి. అదయ్యాక మీ అమ్మగారితో వీడియో కాల్‌లో మీ ఇద్దరి సంగతి మాట్లాడతాను. ఏమంటావ్?"

టీనా "సరే ఆంటీ" అంది. కబురు తణుకు చేరింది.

"దేవుడికి స్తోత్రం," అంది అమ్మ. "శనివారం పార్లర్‌కి వెళ్లి మందు పెట్టించుకో. రేపు ముసుగు తీయమంటే ఏం చూపిస్తావ్? ఆ పిచుక గూడా?"

"అమ్మా, పదకొండు నెలలు పెంచాను."

"పెళ్లయ్యాక పెంచుకోవే. అప్పుడు ఎవడడుగుతాడు?"

డోరీన్‌ని అడిగితే ఒకటే మాట చెప్పింది. ఇప్పుడు మళ్లీ మందు తగిలితే ఆ అంచులు ఇక రాకపోవచ్చు. ఆవిడ చెల్లెలికి రాలేదట.

శనివారం టీనా పార్లర్ దాకా వెళ్లింది. అద్దాల తలుపు ముందు పావుగంట నిలబడి, వెనక్కి వచ్చేసింది. ఇంకోదారి ఉంది. రేపు సాక్ష్యంలో అందరూ కోరుకునే నాలుగు మాటలు చెప్పి, పెళ్లి చేసుకుని, జీవితాంతం ముసుగులో ఉండటం. డేవిడ్‌సన్ లాంటి మనిషి దొరుకుతాడంటే అదీ చేయొచ్చు అనుకుంది. ఆ రాత్రంతా అదే అనుకుంది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. ప్రార్థన మొదలవగానే డేవిడ్‌సన్ ఎప్పటిలాగే పార్కింగ్ చూడటానికి బయటికెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. ముందు వరసలో కొత్త పట్టుచీర కట్టుకుని బాలకుమారి గారు కూర్చున్నారు, నిండా ముసుగుతో.

టీనా మైకు అందుకుంది. "దేవునికి మహిమ కలుగును గాక. నాకీ సమయం ఇచ్చిన పెద్దలకు వందనాలు." అక్కడిదాకా అందరికీ తెలిసిన మాటలే. సాక్ష్యం అంటే అబద్ధం చెప్పకూడని చోటు. చిన్నప్పటి నుంచి అదొక్కటి మాత్రం ఆమె నిజంగా నమ్మింది.

"నేను ఈ ముసుగు భక్తితో వేసుకోలేదు," అంది.

"ఆమెన్," అన్నారు ఎలియాజరు గారు అలవాటుగా.

"జుట్టు పాడై వేసుకున్నాను. నా జుట్టు ఉంగరాలు. తొమ్మిదో తరగతి నుంచి మందు పెట్టి తిన్నగా చేయించారు. నుదుటి మీద సగం రాలిపోయింది. మళ్లీ పెంచుకుంటున్నాను. మీరందరూ నన్ను పొగుడుతుంటే బాగుండి ఊరుకున్నాను. అది తప్పు. క్షమించండి."

ఆమె ఒక్కొక్కటిగా నాలుగు పిన్నీసులూ తీసింది. చున్నీ భుజాలమీదికి జారింది. పైన బెత్తెడు ఉంగరాలు, కింద పలచటి పుల్లలు, నుదుటి అంచున వేలి కణుపంత పొడవున చిన్న చిన్న ముంగురులు.

"ఇకమీదట తల కప్పుకుంటే ప్రార్థన కోసమే కప్పుకుంటాను. ఇదే నా సాక్ష్యం."

ఈసారి ఎలియాజరు గారు కూడా ఆమెన్ అనలేదు. తలుపు దగ్గర్నుంచి డేవిడ్‌సన్ నడిచొచ్చాడు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, అందరూ చూస్తుండగా ముందు వరసలో కూర్చుని ప్రార్థనకు తల వంచాడు. వెనక ఎవరో ఆంటీ "అయ్యో, చిన్నవయసే" అంది, జాలిగానే.

బాలకుమారి గారు లేచి వెనక వంటగదిలోకి వెళ్లిపోయారు. అయిపోయింది అనుకుంది టీనా. బిర్యానీ వరసలోకి వెళ్లకుండా గోడ పక్కన నిలబడింది. డేవిడ్‌సన్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అమ్మకి కోపం వచ్చింది," అన్నాడు. "నాకు మాత్రం భయం పోయింది."

"ఇప్పుడు ఇష్టమేనా?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువ. మీకు?"

"మొదట్నుంచీ. మీ వన్‌వే వీధులన్నీ లెక్కపెట్టాను."

ఆ సంతోషం సరిగ్గా అనుభవించేలోపే వంటగది నుంచి పిలుపొచ్చింది. "టీనా, ఇలా రా. నువ్వొక్కదానివే."

వంటగదిలో స్టవ్ పక్కన బాలకుమారి గారు నిలబడి ఉన్నారు. "తలుపెయ్యి," అన్నారు. టీనా వేసింది.

"ఆంటీ, మిమ్మల్ని మోసం చేయాలని..."

"భక్తి సంగతి ప్రభువు చూసుకుంటాడు. నువ్వు ఇది చూడు." అని ఆవిడ తలమీది పైట వెనక్కి తీశారు. రెండు కణతల దగ్గరా అరచేయంత మేర నున్నగా ఉంది. "గుంటూరు ఆస్పత్రిలో ఇరవై ఏళ్లు నర్సుగా చేశాను. కొప్పు బిగించి బిగించి, పైన టోపీ పెట్టి, ఆ టోపీకి మళ్లీ పిన్నులు. నలభై దాటేసరికి ఇలా అయింది. అప్పట్నుంచి నాదీ నీ భక్తే. మీ అంకుల్ తప్ప ఎవరూ చూడలేదు."

ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. టీనా బ్యాగ్‌లోంచి డోరీన్ ఇచ్చిన నూనె సీసా తీసి, వేలి కొసన రెండు చుక్కలు వేసుకుని, ఆవిడ కణతమీద మెల్లగా రాసింది. బాలకుమారి గారు కళ్లు మూసుకున్నారు.

తలుపు టకటకలాడింది. "అమ్మా, ఏమంటున్నావ్ తనని?" డేవిడ్‌సన్ గొంతు.

"నువ్వు ఆగరా, పని జరుగుతోంది," అన్నారావిడ కళ్లు తెరవకుండా. తర్వాత టీనాతో, "ఆ తిన్నటి కొసలు పూర్తిగా పోవడానికి నీకింకా ఎన్నాళ్లు పడుతుంది?"

"ఇంకో ఆర్నెల్లు, ఆంటీ."

"ఆర్నెల్లలో నాకెంత వస్తుంది?"

"చాలా ఏళ్లయింది కదా ఆంటీ. వస్తే కొంచెం రావచ్చు. రాకపోవచ్చు కూడా."

బాలకుమారి గారు కళ్లు తెరిచారు. రెండో కణత ఆమె వైపు తిప్పారు.

"సరే. మీ అమ్మగారికి ఫోన్ కలుపు. పెళ్లి మార్చిలో అని చెబుతాను."