కుంట మీద ఆగిన పడవ

మేడ్చల్ దాటాక నాగపూర్ రోడ్డు పక్కన, ప్లాట్ల కోసం చదును చేసిన నేలలో ఒక పడవ చాలా రోజులు ఆగి ఉంది. మా చెరువులో తిరిగే పుట్టి కాదు. సముద్రం మీద తిరిగే తెరచాప పడవ. తెల్లటి ఫైబర్ ఒళ్లు, పక్కలకు గుండ్రటి అద్దాలు, లోపల మనుషులు ఉండడానికి చిన్న గది. విశాఖపట్నం నుంచి గుజరాత్ రేవుకు ట్రైలర్ మీద తీసుకుపోతుంటే ఇక్కడికి వచ్చేసరికి ట్రైలర్ ఇరుసు విరిగింది. బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వింతగా చూసేవాళ్లు. ఆ పడవలో కాపురమున్నది మేమే, నేనూ నా భార్య ఈదమ్మా. రెండు వేల మూడులో, ఇంకా వానలు మొదలు కాని రోజులు.

నా పేరు వీరయ్య. మాది శామీర్‌పేట, చెరువులో చేపలు పట్టే ఇల్లు. పదో తరగతి తప్పి వల పట్టుకున్నాను కాబట్టి రాయడం వచ్చు. భయపెట్టేలా చెప్పడం రాదు. ఆ రోజుల్లో నాకు భయమే కాదు, ఆకలి కూడా సరిగ్గా తెలిసేది కాదు. అంతకు ముందు ఏడాది వానాకాలంలో మా బిడ్డ దీప చెరువులో పడిపోయింది. ఏడేళ్లది. ఊరంతా వెతికారు. చివరికి నా వలలోనే దొరికింది. వల లాగుతుంటే చేతికి బరువు తగలగానే తెలిసిపోయింది, చేప అలా బరువుండదు.

మేమిద్దరం ఏడవలేదు. ఎందుకు ఏడవలేదో నన్ను అడగొద్దు, నాకూ తెలియదు. మా చెరువు మనుషులకు ఒక పద్ధతి ఉంది. నీళ్లలోంచి ఎవరు తాడు అడిగినా పేరు అడగకుండా విసరాలి. పేరు కనుక్కునే లోపు మనిషి మునిగిపోతాడు. నడక వచ్చిన పిల్లలకు కూడా ఈ సంగతి నేర్పుతాం. దినాలైన మర్నాడు ఈదమ్మ నాతో ఒకే మాట అంది. "తాడడిగిందో ఏమో. ఒడ్డు మీద ఎవ్వలు లేకపాయె." ఆ తర్వాత అవసరమైతే తప్ప నోరు విప్పలేదు. నేను చెరువు మీదికి పోవడం మానేశాను. వండితే తిన్నాం, చీకటి పడితే పడుకున్నాం.

ట్రైలర్ డ్రైవర్ నగేష్‌కు మా ఊళ్లో తెలిసినవాళ్లున్నారు. ఇరుసు దొరికేదాకా పడవలో ఉండడానికి నీళ్ల పని తెలిసిన మనిషి కావాలని అడిగితే వాళ్లు నన్ను చూపించారు. పడవ యజమాని భానుప్రకాశ్ గారు సికింద్రాబాద్ మనిషి, ఓడల్లో ఉద్యోగం చేసి మానేశాడు.

"పడవ ఎక్కడ ఆగితే అదే రేవు, వీరయ్యా. రేవులో ఉన్నట్టే ఉండండి. ఏ పనీ మానొద్దు," అన్నాడు.

"మంచిది సార్," అన్నాను. మొరం నేల మీద రేవేమిటని నవ్వు రావాలి. రాలేదు.

ఆ పనులన్నీ అలాగే చేశాం. పొద్దున్నే నిచ్చెన దిగి బోరు దగ్గర నీళ్లు పట్టుకొచ్చి పడవ పైభాగం కడిగేవాణ్ణి. ఈదమ్మ పరుపులు బయటికి తెచ్చి ఎండలో వేసేది. తెరచాప బూజు పట్టకుండా విప్పి ఆరబెట్టి మళ్లీ మడిచేవాళ్లం. అది మా ఇంటి చుట్టూ కప్పినా మిగిలేంత గుడ్డ. బట్టలు తాళ్ల మీద ఆరేవి. గదిలో నిలబడితే నా తల పైకప్పుకు తగిలేది, రోజూ తగిలినా నేను వంగడం నేర్చుకోలేదు. కిరోసిన్ స్టవ్ రెండు ఇనుప కడ్డీలకు ఉయ్యాలలా వేలాడుతుండేది. అలలకు పడవ ఒరిగినా గిన్నె ఒరగకుండా ఉండడానికట. పొద్దుగూకగానే లాంతరు వెలిగించి పడవ ముందున్న కొయ్యకు తగిలించాలి. పడవ ఇక్కడుందని వచ్చేవాళ్లకు తెలియాలి కదా, అన్నాడు భానుప్రకాశ్ గారు. ఇక్కడికి ఎవరొస్తారని నేను అడగలేదు.

మేకలు కాసుకునే సత్యమ్మ అని ఒక ముసలామె మధ్యాహ్నాలు పడవ నీడలో కూర్చునేది. ఒకరోజు చేతికర్రతో నేలను పొడిచి, "గీడ కుంట ఉండె," అంది. "ఎండకాలంల గూడ నీళ్లుంటుండె. మొరం వోసి పూడ్సి ప్లాట్లు జేసిండ్రు."

ఈదమ్మ పైనుంచి తొంగి చూసింది. "గిండ్ల ఎవలన్న మునిగిండ్రా అవ్వా?"

"కుంటన్నంక మునగకుంటరా?" అని సత్యమ్మ మేకలను అదిలించుకుంటూ వెళ్లిపోయింది. ఈదమ్మ చాలాసేపు ఆ నేల వంకే చూస్తూ నిలబడింది. నేను పట్టించుకోలేదు.

మర్నాడు సాయంత్రం మబ్బు మూసుకొచ్చి పొద్దుండగానే చీకటైంది. వాన మాత్రం రాలేదు. ఆకు కూడా కదలడం లేదు. కరెంటు పోయి రోడ్డు అవతలి ధాబా కూడా చీకట్లో కలిసిపోయింది. లాంతరు తగిలించి వచ్చి గదిలోకి దిగే మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఈదమ్మ ఎసట్లో బియ్యం పోస్తోంది.

మొదట వాసన వచ్చింది. పాకుడు పట్టిన నీళ్ల వాసన, అడుగు బురదను కాలితో కెలికితే లేచే వాసన. చెరువు గట్టున పుట్టినవాణ్ణి, ఆ వాసన పోల్చుకోవడంలో పొరపడను. ఎక్కడో వాన పడి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

తర్వాత స్టవ్ ఊగింది.

కొంచెమే. ఈదమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. గిన్నె నిటారుగానే ఉంది. దాని చుట్టూ ఉన్న గది మెల్లగా ఒరిగింది... మెల్లగా లేచింది. మళ్లీ ఒరిగింది. పడవ అడుగున ఏదో తగులుతున్న చప్పుడు. గ్లుక్... గ్లుక్...

"నీళ్లు," అంది ఈదమ్మ.

లేచి పక్కకు వంగి చూశాను. కింద ట్రైలర్ చక్రాలు, ఎర్ర మొరం, ప్లాట్ల హద్దు రాళ్లు. అంతా పొడి నేల. కానీ లాంతరు వెలుగు ఆ నేల మీద నిలవడం లేదు. ముక్కలు ముక్కలుగా కదులుతోంది. చెరువులో దీపం నీడ అలాగే కదులుతుంది.

భయపడాల్సిన సమయం అదే. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. ఓహో, ఇలా అవుతోంది కాబోలు అనుకున్నాను, అంతే.

అప్పుడు పడవ పక్కన ఎవరో తట్టారు. తడి అరచేత్తో తట్టినట్టు...

"తాడు..."

గుసగుస. ఆడ గొంతో మగ గొంతో తెలియలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియలేదు. చక్రాల దగ్గర ఎవరూ లేరు.

"తాడు..."

ఈదమ్మ నన్ను తోసుకుంటూ పైకి వచ్చింది. ఒక కొస పడవకు కట్టి ఉన్న తాడు చుట్ట అందుకుని విసిరేసింది. ఎవరని అడగలేదు. నేనూ ఆపలేదు, ఆపాలని కూడా తోచలేదు. మా ఇళ్లలో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు.

తాడు నేలకు తగిలిన చప్పుడు వినిపించలేదు. చీకట్లోకి పోయింది... పోతూనే ఉంది... బిగిసింది. పడవ అటు ఒరిగింది.

"దీపా?" అంది ఈదమ్మ. ఏడాదిలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి.

కింద నుంచి వచ్చింది.

"ఊ."

ఈదమ్మ గుండెల దాకా బయటికి వంగింది. "బిడ్డా... గట్టిగ వట్టుకో... నేనున్న..."

తాడు కిర్రుమంది. ఎవరో పైకి పాకుతున్నారు. ఆగి... పాకి... ఆగి... నేను వింటూ నిలబడ్డాను. మా దీపను పిలిస్తే ఊ అనేది కాదు. "ఏందే?" అనేది. ఎవరు పిలిచినా ముందు తన ప్రశ్న వేశాకే పలికేది. దానికోసం వాళ్లమ్మ దగ్గర దెబ్బలు కూడా తినేది.

ఎందుకలా చేశానో తెలియదు, మా నాయిన పేరు పిలిచాను. ఆయన పోయి ఏళ్లయింది.

"సిద్దయ్యా?"

"ఊ."

అదే గొంతు. ఇంకాస్త దగ్గరగా వచ్చింది.

"సత్యమ్మా?"

"ఊ."

"ఈదమ్మా..." అన్నాను. ఈదమ్మ నా పక్కనే ఉంది. ఆమె పెదవులు మూసే ఉన్నాయి.

"ఊ."

ఆమె చెవి దగ్గర నోరు పెట్టాను. "గది మన బిడ్డ గాదే. ఏ పేరు వెట్టినా పలుకుతాంది."

"ఎరుకే," అంది. నా వైపు చూడలేదు. "ఎవలైతే ఏంది? పైకి రానియ్యి."

అప్పుడు భయమేసింది. కింద ఉన్నదాన్ని చూసి కాదు, నా భార్యను చూసి. వలలు కోసుకునే కత్తి నడుముకే ఉండేది. తాడు మీద పెట్టి లాగాను. ఆమె నా చేతిని పట్టుకుంది, గోళ్లు దిగాయి, అయినా లాగాను. తాడు తెగి కొస చీకట్లోకి జారిపోయింది.

కింద పడిన చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

రాలేదు.

పడవ మాత్రం అటువైపే ఒరిగి ఉంది, బరువు ఇంకా దాన్ని పట్టుకునే ఉన్నట్టు. చాలాసేపటికి నిటారుగా అయింది. ఈదమ్మ అరవలేదు, ఏడవలేదు. కిందికి దిగి స్టవ్ ఆర్పింది. నాకు అన్నం వడ్డించి పళ్లెం ముందు పెట్టింది.

"ఒక్క తాడు గూడ ఇయ్యనియ్యకపోతివి," అంది.

నేను తిన్నాను. ఆ అన్నం ఎలా మింగుడుపడిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

తెల్లారాక నగేష్ ఇరుసు తెచ్చి బిగించాడు. మేం వేసుకున్న బొంతలు దులిపి, గదికి గొళ్లెం పెట్టాను. లోపల ఎవరూ లేరు, నా కళ్లతో చూశాను. భానుప్రకాశ్ గారు రైల్లో ముందు వెళ్లాడు. పడవ నాగపూర్ రోడ్డు పట్టింది, మేం ఆటోలో శామీర్‌పేట వచ్చాం. దారిలో ఈదమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. పోనీలే, మరిచిపోతుంది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా పక్కింటి జయమ్మ కిరాణా దుకాణానికి నాకోసం ఫోన్ వచ్చింది. నగేష్ చేశాడు. ఈదమ్మ కూడా నా వెనకే వచ్చి నిలబడింది.

"ఏందన్నా, మీ మనిషిని పడవలనే ఇడిసిపెట్టి పోయిండ్రు?" అన్నాడు. "నిజామాబాద్ దాటినంక ఛాయ్ కోసం ఆపిన. లోపల సప్పుడైతాంది. గొళ్లెం తీస్తే మూలకు కూసున్నది."

"ఎవలు?" అన్నాను.

"నాకేమెరుక అన్నా? దుప్పటి కప్పుకున్నది, మొఖం కనవడలే. ఏమడిగినా మాట్లాడదు. మీ పేరు చెప్పి, వీరయ్యన్న ఇంటికేనా అంటే ఊ అన్నది. మస్తు పరేషానైన. అటు వచ్చే లారీ ఎక్కించిన. ఇయ్యాల పొద్దుగూకే వరకు మేడ్చల్‌ల దిగుతది, జర పోయి తోల్కరా."

ఈదమ్మ నా భుజం తట్టింది. "అన్నం తిన్నదా అడుగు."

నేను ఫోన్ పెట్టేశాను.

తీసుకురావడానికి కాదు, రాకుండా ఆపడానికే మేడ్చల్ వెళ్లాను. కత్తి చొక్కా కింద దాచుకున్నాను. రోడ్డు పక్కన నిలబడి ఉత్తరం నుంచి వచ్చే ప్రతి లారీనీ చూశాను. భయమేసింది, ఆకలేసింది. ఏడాదిగా చచ్చుబడి ఉన్న ఒళ్లు ఆ రోడ్డు మీద లేచి కూర్చుంది. దీపను తలచుకున్నాను. అక్కడే, పండ్ల బండి పక్కన నిలబడి ఏడ్చాను. బండివాడు నీళ్లిచ్చాడు. ఆగిన లారీలు ఆగాయి, పోయినవి పోయాయి. ఎవరూ దిగలేదు.

చివరి బస్సులో ఇల్లు చేరాను. ఈదమ్మతో మాట్లాడాలి, ఇద్దరం కూర్చుని ఏడవాలి అనుకుంటూ వచ్చాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుంది, మంచి చీర కట్టుకుంది. ఆ ముఖంలో కళ చూసి ఎన్నాళ్లయిందో. నన్ను చూడగానే వేలు పెదవుల మీద పెట్టింది.

"సప్పుడు జెయ్యకు," అంది గుసగుసగా. "తిని ఇప్పుడే ఒరిగింది."

వాకిట్లో తడి అడుగులు ఉన్నాయి. రోడ్డు నుంచి గడప దాకా ఒకే వరుస, ఒక్క మనిషి నడిచినవే. ఒక అడుగు చిన్నపిల్లది... తర్వాతది పెద్దమనిషిది... మళ్లీ చిన్నది.

"ఎవలే లోపల?" అన్నాను.

"పిలిచి సూడు."

కత్తి నా చొక్కా కిందే ఉంది. గది చీకటిగా ఉంది, చాప మీద దుప్పటి మెల్లగా లేచి దిగుతోంది. ఈదమ్మ నా ముఖం వంక చూస్తోంది, పండగ నాడు చిన్నపిల్లలు చూసినట్టు. ఏ పేరు పెట్టినా జవాబొస్తుందని నాకు తెలుసు. తెలిసీ నా నోటికి ఒక్క పేరే వచ్చింది.

"దీపా..."

"ఊ."

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.