చివరి భాగంలో లేని ఇల్లు

ఆదివారం పొద్దున పది కాగానే పావని ఇంట్లో ఎవరికీ చిక్కదు. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఆ గంటసేపూ ముందు గది ఆమెదే. ఫోను కిటికీలో నిలబెట్టి, స్పీకరు పెట్టి, ‘క్లైమాక్స్ కబుర్లు’ అనే గ్రూపుతో మాట్లాడుతుంది. హత్యలూ పోలీసులూ జైళ్ళూ ఉండే సిరీస్‌లు చూసి, చివరి భాగం బాగుందా లేదా అని కొట్టుకునే గ్రూపు అది. అందులో సగం మంది నోరు విప్పరు, మిగతా సగం ఆపరు.

పావనికి ఇరవై అయిదేళ్ళు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పిల్లలు వినకపోయినా గ్రూపులో పెద్దవాళ్ళు తన మాట వింటారని కాస్త గర్వం కూడా ఉంది.

ఆ వారం చర్చ ‘మొండిగోడలు’ అనే సిరీస్ మీద. చివరి భాగంలో, హత్య చేసి జైలుకెళ్ళిన మనిషి శిక్ష ముగించుకుని ఇంటికొస్తాడు. భార్య కంచం పెడుతుంది. కూతురు వచ్చి పక్కన కూర్చుంటుంది. అతను అన్నంలో చెయ్యి పెడతాడు. అంతే, తెర నల్లబడిపోతుంది.

“నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి మేడమ్,” అన్నాడు దస్తగిరి. అనంతసాగరంలో ఆటో తోలుతాడతను. “శిక్ష అయిపోయినాది గదా. ఇంకేం కావాల?”

“ఇది మోసం అన్నా!” అంది పావని. “ఎనిమిది భాగాలు కూర్చోబెట్టి, చివర్లో ఇంత అన్నం పెట్టి పంపిస్తారా? అసలు ఆ కూతురికి సిగ్గుండాదా? మనిషిని చంపిన చెయ్యి అది. ఆ చెయ్యి పక్కన కూర్చుంటే ముద్ద ఎట్టా దిగుతాది? నేనైతే కంచం ముందు నుంచి లేచిపోతాను. అట్టాంటోడు నాకు నాయనే కాదంటాను.”

“అబ్బా, ఏం చెప్పినారు మేడమ్!” అని నెల్లూరు నుంచి కేశవ మెచ్చుకున్నాడు. ఫోను నిండా చప్పట్ల బొమ్మలు వచ్చి పడ్డాయి.

బయట రేకుల పందిరి కింద మంచంకోడు చిత్రిక పడుతున్న తండ్రి సుందరయ్య చెయ్యి ఆగిపోయింది. వంటింట్లోంచి తల్లి వెంగమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, మొగుడి వంక చూసి వెనక్కి వెళ్ళింది. పావని ఇవేవీ గమనించలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జారిందని తెలియకపోతే ఇక తీసుకునేదేముంది?

ఆ మధ్యాహ్నం సోమశిల చేపల పులుసు. చేపల కూర రోజు పావని కంచం తండ్రి కంచం పక్కనే ఉంటుంది, ముల్లు తీసి పెట్టేది ఆయనే కాబట్టి. ఇంత వయసొచ్చినా ముల్లు ఏరుకోవడం చేతకాదని తల్లి ప్రతిసారీ తిడుతుంది. ఆ రోజు సుందరయ్య తన కంచం తీసుకుని పందిరి కిందికి వెళ్ళి, గోడకు మొహం పెట్టుకుని తిన్నాడు. సోమవారం కూడా అంతే. మంగళవారం కూడా అంతే.

బుధవారం పొద్దున స్కూలుకు బయల్దేరుతూ పావని పందిరి దగ్గర ఆగింది.

“ఏంది నాయనా ఈ అలక? కొత్తల్లుడివా?”

“అలకేం లేదు పాపా. ఇక్కడ గాలి బాగుండాది.”

మార్చి ఎండల్లో, ఆత్మకూరులో, రేకుల కింద గాలట! పావని నవ్వబోయింది. ఇంతలో వంటింట్లో గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడైంది.

“గాలీ లేదు గీలీ లేదు!” అంటూ వెంగమ్మ బయటికొచ్చింది. “చెప్పవయ్యా బిడ్డకి! నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“ఏమే, ఊరుకో.”

“ఇరవై ఏళ్ళు ఊరుకున్నా, చాలదా? మూడు రోజులుగా కుక్క తిన్నట్టు మూల కూర్చుని తింటా ఉంటే నేను చూడలేను.” కూతురి వైపు తిరిగింది. “నీ పక్కన కూర్చునేదానికి మొహం చెల్లక ఆడ తింటా ఉండాడమ్మే. నువ్వే గదా అన్నావు, చంపిన చెయ్యి పక్కన ముద్ద దిగదని? మీ నాయన కువైట్ పోలా. జైలుకు పోయినాడు. ఎనిమిదేళ్ళు. ఈ వడ్రంగం గూడా ఆడ నేర్చుకున్నదే.”

పావని మొదట నవ్వింది. తర్వాత తండ్రి మొహం చూసింది.

“కువైట్ నుంచి సబ్బులు పంపినాడే? సెంటు సీసా పంపినాడే?”

“నెల్లూరులో నేను కొన్నా. అట్టపెట్టెలో పెట్టి తాడు గట్టి, నాయన పంపినాడని నీ చేతికిచ్చినా. అయిదేళ్ళ బిడ్డవు, రోజూ నాయన యాడికి పోయినాడని ఏడ్చేదానివి. ఏం చెప్పేది?”

“ఎవుర్ని చంపినాడు?”

“కామయ్యని. ఉదయగిరి కాడ మన పల్లెలోనే. గొర్రెలు మేపుకునేవాడు. ఆ తర్వాతే నిన్ను తీసుకుని ఈ ఊరొచ్చేసినా.”

పావని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నల్లబల్ల మీద రాసిన లెక్కలో తప్పు దొర్లిందని పిల్లలే చెప్పారు. క్లాసులో నిలబడి ఆమె ఒకటే ఆలోచించింది. దీని వెనక ఏదో ఉండి ఉంటుంది. ఎన్ని సిరీస్‌లు చూసింది! మంచివాడు హత్య చేశాడంటే చచ్చినవాడు ఏదో ఘోరం చేసే ఉంటాడు. ఆ ఘోరం ఏమిటో తెలిస్తే ఊపిరాడుతుందనుకుంది.

సాయంత్రం నేరుగా పందిరి కిందికి వెళ్ళింది. సుందరయ్య చెక్కపొట్టు మధ్య ఖాళీగా కూర్చుని ఉన్నాడు.

“ఆయన నిన్నేం చేసినాడు నాయనా?”

“ఏం చెయ్యలా.”

“ముందు నుంచి పగ ఉండాదా? అమ్మనేమన్నా అన్నాడా?”

“లేదు పాపా.” ఆయన నేల చూస్తూ చెప్పాడు. “వానల్లేక రెండేళ్ళు పంట పోయినాది. ఆ ఏడు వేరుశనగ కాస్త పచ్చగా నిలబడినాది. మంద చేలో పడినాది. కామయ్య మళ్ళేస్తానే ఉండాడు. ‘తప్పయిపోయినాది సుందరా’ అని గూడా అన్నాడు. నా చేతిలో పార ఉండాది. కొట్టినాను.”

“తాగి ఉన్నావా?”

“లేదు.”

“మరెందుకు?”

“కోపం. అంతే.” గుప్పెడు చెక్కపొట్టు పిడికిట్లోకి తీసుకున్నాడు. “మంచోడు పాపా. నాకంటే మంచోడు. నన్ను బాగు చేసేదానికి ఆయన్ని చెడ్డోణ్ణి చెయ్యాకు.”

ఒక్క చిన్న సాకు ఇచ్చి ఉంటే పావని దాన్ని పట్టుకుని వేలాడేది. ఆయన ఇవ్వలేదు. అబద్ధం చెప్పి పెంచినందుకంటే, ఇప్పుడు ఇంత నిజం చెప్పినందుకు ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి తలుపేసుకుని, తల్లి ఎంత పిలిచినా రాలేదు.

రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. శనివారం వెంగమ్మ బియ్యం ఏరుతూ, తనలో తాను అనుకుంటున్నట్టుగా చెప్పింది.

“నెలకోసారి కలపకని ఉదయగిరి పోతాడే, కలపకు కాదు. కామయ్య పెళ్ళాం ఆదిశేషమ్మ ఉండాదిలే. ఆమెకు మొహం చూపియ్యాలని పోతాడు. బస్టాండులో దిగి, టీ తాగి, కాళ్ళు రాక మళ్ళా బస్సెక్కి వచ్చేస్తాడు. జైలు నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. పన్నెండేళ్ళు.”

ఆదివారం పొద్దున పావని తండ్రి ఎదుట వచ్చి నిలబడింది.

“లెయ్యి నాయనా. ఉదయగిరి పోదాం.”

“వొద్దు పాపా.”

“ఆ గడప దగ్గర నువ్వు నిలబడాల. నిలబడందే నేను నీ పక్కన కూర్చోలేను. నా వల్ల గావటం లా.” అంటూనే ఏడ్చేసింది. సుందరయ్య లేచి చొక్కా వేసుకున్నాడు.

బస్సులో పది గంటలకు ఫోను మోగింది. దస్తగిరి. చర్చ మొదలైందని పిలుస్తున్నాడు. పావని ఫోను ఆపేసింది.

ఉదయగిరిలో దిగి, కోట గోడలు ఎడమ పక్కన పెట్టుకుని ఆటోలో పల్లెకు చేరేసరికి ఎండ ముదిరింది. ఆదిశేషమ్మ ఇంటి పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అరవై దాటిన మనిషి. పక్కనే ముళ్ళకంపతో కట్టిన దొడ్డిలో పదో పన్నెండో గొర్రెలున్నాయి.

ఆమె తలెత్తింది. సుందరయ్యని గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

“నువ్వా.”

అప్పట్లో సుందరయ్య ఆమెను వదినా అని పిలిచేవాడు. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియలేదు.

“దేనికి వచ్చినావు?”

“నీ ఎదట నిలబడాలని.”

“నిలబడితే? నీ బరువు దించుకునేదానికి నా వాకిలే దొరికినాదా? నీకు జైలు అయిపోయినాది, పెళ్ళాం బిడ్డల కాడికి పోయినావు. నీకు ముగిస్తే నాకు గూడా ముగిసినట్టేనా? పో ఈడ నుంచి.”

ఆ మాట పావనికి చెంప మీద తగిలింది. ఎన్ని చివరి భాగాల గురించి గంటలు గంటలు వాదించింది! హంతకుడికి ఏం కావాలి, పోలీసుకు ఏం కావాలి, కూతురు కంచం ముందు కూర్చోవాలా లేవాలా? చచ్చినవాడి ఇంట్లో ఆ పూట ఎవరు వండారని ఆమె ఏ రోజూ అడగలేదు. గ్రూపులో ఒక్కరూ అడగలేదు. తనే ఆయన్ని ఇక్కడికి లాక్కొచ్చి, ఈ ముసలామెను మళ్ళీ ఏడిపిస్తోంది. సిగ్గుతో తండ్రి చొక్కా పట్టి లాగింది. “పద నాయనా.”

నాలుగడుగులు వేశారు.

“నిలబడు,” అంది ఆదిశేషమ్మ. “ఒకటి అడగాల. నువ్వు తప్ప చెప్పేవాళ్ళు లేరు. ఆ పొద్దు ఆయన ఇంటికొచ్చి గూడా, మళ్ళా నీ చేను కాడికి ఎందుకొచ్చినాడు?”

“ఇంటికి రాలా.”

“వచ్చినాడు! నాకు తెలుసు. నేను కట్టెలకు పోయినా. వచ్చేసరికి మంద దొడ్లో ఉండాది. వాకిట్లో కంప అడ్డం పెట్టుండాది. గొర్రెలు కంప పెట్టుకుంటాయా? ఆయన ఆకలితో వచ్చినాడు. నేను లేను. అన్నం పెట్టే దిక్కు లేక మళ్ళా పోయినాడు, నీ చేతిలో చచ్చినాడు.” “నేను ఇంట్లో ఉండుంటే పోయేవాడు కాదు గదా. ఆ కట్టెలు రేపు తెచ్చుకుంటే ఏం పోయేది నాకు?”

సుందరయ్య వాకిట్లోనే కూలబడిపోయాడు.

“కంప నేను పెట్టినాను.”

ఆదిశేషమ్మకు అర్థం కాలేదు.

“దెబ్బ తగిలినాక కాసేపు ఊపిరి ఉండాది. తల నా ఒళ్ళో పెట్టుకున్నా. నన్ను ఒక్క మాట అనలా. ‘పొద్దుగూకతా ఉండాది సుందరా, మందను దొడ్డికి తోలు. ఆమె ఒక్కతే తోలలేదు’ అన్నాడు. అంతే, పోయినాడు. నేనే తోలుకొచ్చినా. కంప అడ్డం పెట్టినా. ఆడి నుంచి స్టేషనుకు పోయి కూర్చున్నా. ఆయన ఇంటికి రాలా. ఆకలితో తిరిగి పోలా.”

ఆదిశేషమ్మ దొడ్డికి కట్టిన కంప వైపు చూసింది.

“ఈ మాట ఎవురికీ చెప్పలేదే?”

“స్టేషన్లో పార గురించి అడిగినారు. కోర్టులో నోరు మెదపాకని లాయరు అన్నాడు. ఇది ఎవురూ అడగలా.”

ఆదిశేషమ్మ చింతపండు చేతులతోనే మొహం కప్పుకుంది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత లోపల ఎక్కడో ఇరవై ఏళ్ళుగా ఇరుక్కుపోయిన ఏడుపు బయటికి వచ్చింది. “నేను లేనని పోలేదా? నా కోసం ఎదురు చూళ్ళేదా?” అని మళ్ళీ మళ్ళీ అడిగింది. సుందరయ్య ప్రతిసారీ “లేదు, లేదు” అని చెప్పాడు.

ఈ ఒక్క మాట నోట్లో పెట్టుకుని తన తండ్రి పన్నెండేళ్ళు బస్టాండులో టీ తాగి వెనక్కి వచ్చాడు. పారతో చేసిన తప్పుకు శిక్ష పడింది. ఈ మౌనానికి శిక్ష ఆదిశేషమ్మకు పడింది.

చాలాసేపటికి ఆదిశేషమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“నిన్ను నేను క్షమించలా. ఎప్పటికీ క్షమించను.”

“సరే.”

“మళ్ళా రావాకు.”

“రాను.”

ఆమె అప్పుడు పావనిని చూసింది, అంతవరకూ ఆ పిల్ల అక్కడ ఉన్నట్టే తెలియనట్టుగా. “నువ్వెవురమ్మా?”

కాదనడానికి, ఎవరో తోడుగా వచ్చినదాన్నని చెప్పడానికి అదే అదను. పావని తండ్రి వంక చూసింది. దుమ్ములో కూర్చుని ఉన్నాడు, తలెత్తడం లేదు. ఆమె ఏం చెప్పినా ఒప్పుకునేలా ఉన్నాడు.

“ఈయన కూతుర్నమ్మా,” అంది.

ఆదిశేషమ్మ ఆమె మొహంలోకి చూసి, తర్వాత దుమ్ములో ఉన్న సుందరయ్య వైపు చూసింది.

“అయితే లేపి తీసుకుపో. ఎండగా ఉండాది.”

పావని వంగి తండ్రి కుడిచెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోబోయాడు.

“వొద్దు పాపా, ఈ చెయ్యి...”

“తెలుసు నాయనా. లెయ్యి,” అంది పావని. ఏడుస్తూనే ఆయన్ని లేవదీసింది.