ఫోర్‌కే గిత్తలు

"ఈ వీడియో తీసింది ఎవరు?" అంది పూర్ణిమ, మానిటర్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

"నేనే," అన్నాడు కోటి, కాలరు సర్దుకుంటూ. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

"ఫోర్‌కేలో, అదీ సిక్స్‌టీ ఫ్రేమ్స్‌లో ఎవరు తియ్యమన్నారు మిమ్మల్ని?"

"క్లారిటీ బాగుంటదని, ఫోన్లో ఉందిగా అని..."

"మీ ఫోన్లో ఉంది. మా కంప్యూటర్లో లేదుగా."

నిజమే, లేదు. నరసరావుపేటలో వెంకటకృష్ణయ్యగారి పురుగుమందుల కొట్లో ఉన్న ఆ కంప్యూటర్ని, ఆయన కూతురు పూర్ణిమ హైస్కూల్లో ఉండగా బిల్లుల కోసం కొన్నారు. ఇప్పుడామె డిగ్రీ కూడా అయిపోయింది. కోటి వీడియో తెరవగానే అది పంపుసెట్టులా మోత మోగి, ఉన్నచోటే బిగుసుకుపోయింది. గిత్త ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోయింది. మిరపతోటకు మందు కొన్న పెద్దాయన బిల్లు కూడా ఆ గిత్త వెనకే ఇరుక్కుపోయింది.

"ఏమే, ముందు ఆయన్ని పంపు. నీ సినిమాలు తర్వాత," అని కేకేశాడు వెంకటకృష్ణయ్య గల్లాపెట్టె దగ్గర నుంచి.

కోటిది నూజెండ్ల. వాళ్ళ నాన్న దానయ్య గిత్తలు చుక్కయ్య, బుల్లోడు కిందటేడు తిరునాళ్ళలో బండ లాగుడు పోటీ గెలిచాయి. ఈసారి ఫైనల్‌కి ముందు, అప్పుడు గెలిచిన జత వీడియోని మైదానంలో పెద్ద తెర మీద వేస్తామన్నారు కమిటీవాళ్ళు. ఏడాది పొడుగునా ఆ గిత్తల వెనక ఫోను పట్టుకుని తిరిగిన కోటి, ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో పూర్ణిమ కట్ చేసిన వీడియో చూసి ఇక్కడికి వచ్చాడు.

పూర్ణిమకు మాత్రం ఇది ఒక్క వీడియో కాదు. వాళ్ళ నాన్న మాట ఇచ్చాడు. మైదానంలో జనం బాగుందంటే కొట్టు పైన గది ఆమె స్టూడియోకి ఇస్తాడు. లేదంటే నోరెత్తకుండా బ్యాంకు కోచింగ్‌కి గుంటూరు వెళ్ళాలి.

"హార్డ్ డిస్క్ ఇచ్చి వెళ్ళండి. అయ్యాక కబురు చేస్తా," అంది.

కబురు చేసేదాకా ఆగితే అతను కోటి ఎందుకవుతాడు? రెండ్రోజులకోసారి మందు కొనే వంకతో దిగేవాడు.

"మీకు మిరప ఎన్నెకరాలు?" అని అడిగింది ఒకరోజు.

"రెండు."

"కొన్న మందు ఊరంతటికీ సరిపోద్ది. అయినా వినుకొండలో కొట్లు లేవా?"

"ఉన్నయ్. వాటిల్లో కంప్యూటర్లు కొత్తయి. నాకు పాతయ్యే ఇష్టం."

పూర్ణిమ నవ్వు దాచుకోవడానికి మందు డబ్బా మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టింది. ఆమె చూస్తున్న వైపు పుర్రె బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు.

నిజం చెప్పాలంటే ఆమె అప్పటికే పడిపోయింది, కానీ అతని మొహం చూసి కాదు. వీడియోల్లో కోటి ఎక్కడా కనిపించడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. "తిన్నావా అయ్యా", "ఆ కాలు ఎత్తరా నాయనా, ముల్లేమన్నా గుచ్చుకుందేమో చూస్తా" అంటూ గిత్తలతో మాట్లాడే గొంతు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజంతా ఆ గొంతు వింటూ కూర్చుంటే ఎంత బింకమున్న పిల్లయినా ఏం చేస్తుంది? ఒక్కో మాటనీ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి వినేది. కట్ చేయడానికే అని తనకు తను చెప్పుకునేది.

గొడవ ఒక మధ్యాహ్నం వచ్చింది. పూర్ణిమ లోపల భోంచేస్తుండగా కోటి వచ్చి మానిటర్‌లోకి తొంగిచూశాడు. బుల్లోడి కొమ్ములు అలుక్కుపోయి ఉన్నాయి. చుక్కయ్య నుదుటి మీద చుక్కే లేదు. అంతా మసక.

"ఏందిది?" అన్నాడు ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేసరికి. "నేను ఫోర్‌కేలో తీసిస్తే మా గిత్తల్ని ఇట్టా చేశారేంది?"

"అది పనిలో ఉంది. పూర్తయితే బాగుంటది."

"మసక మసకేగా. ఈ డొక్కు కంప్యూటర్తో ఇంతకన్నా ఏమొస్తదిలే."

పూర్ణిమ మొహం ఎర్రబడింది. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అభిమానం అడ్డొచ్చింది. తాళింపు కూడా పెట్టని కూర రుచి చూసి వంక పెట్టేవాడికి ఏం చెప్తాం అనుకుంది. హార్డ్ డిస్క్ ఊడబీకి బల్ల మీద పెట్టింది.

"డొక్కుదైనా మాది. మీకు నమ్మకం లేకపోతే తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళాడు. చిలకలూరిపేటలో పెద్ద స్టూడియో ఉందట, అక్కడికే వెళ్ళాడు.

ఆ సాయంత్రం వెంకటకృష్ణయ్య కూతురి పక్కన స్టూలు వేసుకుని, "ఏదీ, ఏం చేశావో చూపించు," అన్నాడు. ఆమె మసకగానే చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి కూడా చూశాడు.

"బండ కదిలేటప్పుడు నా కాళ్ళు బిగుసుకున్నయ్యే. ఆ అబ్బాయికి ఫోన్ చెయ్."

"చెయ్యను."

"పోనీ నేను చేస్తా."

"వద్దు నాన్నా. వస్తే తనే రావాలి. మనం బతిమాలొద్దు."

ఆయన స్టూలు వెనక్కి జరిపి లేచాడు. కూతురికి ఈ పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకు తెలుసు.

పోటీ రేపనగా, పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తేసరికి కోటి గుమ్మంలో ఉన్నాడు, చేతిలో హార్డ్ డిస్క్‌తో.

"చిలకలూరిపేటోళ్ళు చేసిచ్చారు. గిత్తల చుట్టూ మంటలు పెట్టి, పైన డీజే పాటేశారు. మా నాన్న చూసి, 'ఎడ్లేయిరా, నిప్పులే కనపడతన్నయ్' అన్నాడు."

పూర్ణిమ కౌంటరు మీది దుమ్ము తుడవసాగింది.

"వాళ్ళ స్క్రీన్ మీద కూడా మసకగానే ఉంది. అడిగితే ప్రాక్సీలన్నారు. మా కాలేజీలో ప్రాక్సీ అంటే ఒకడి అటెండెన్స్ ఇంకోడు పలకడం."

"ఇదీ అంతే. అసలువాడు హార్డ్ డిస్క్‌లో నిద్రపోతంటే, బరువు లేనోడు నా దగ్గర హాజరు పలుకుతాడు. చివర్లో అసలువాణ్ణి లేపుతా. అంటే వాళ్ళు చెప్తే నమ్మారు, నేను చెప్తే నమ్మలేదు."

"తప్పు నాదే. నీ మాట... మీ మాట వినాల్సింది."

"చివర నా పేరు పడాలి. మా కొట్టు పేరు కాదు, మా నాన్న పేరు కాదు. నా పేరు."

"నా ఫోన్లోనూ నీ పేరే మొదటుంది," అన్నాడు కోటి.

ఆమె విననట్టు హార్డ్ డిస్క్ తగిలించింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఎక్స్‌పోర్ట్, అంటే అసలు వీడియోని చివరి రూపంలోకి మార్చే పని, మొదలైంది. కంప్యూటర్ వేడెక్కి మూలిగింది. డబ్బా పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పారు. కోటి ఆ ఫ్యాను పక్కనే కాపలా కూర్చున్నాడు. మానిటర్ మీద శాతం అంకె ఒక్కొక్కటిగా, ఎండలో చెరువుకెళ్ళే బర్రెలంత తీరుబడిగా కదులుతోంది. కొట్లోకి వచ్చిన రైతులకు వెంకటకృష్ణయ్య బిల్లులు చేత్తో రాసిచ్చాడు.

"కంప్యూటర్ పాడయిందా?" అని అడిగాడొకాయన.

"లేదు. మా అమ్మాయి పనిలో ఉంది," అన్నాడు ఆయన, గొంతు కాస్త పెంచి.

మర్నాడు సాయంత్రం మైదానం కిటకిటలాడుతోంది. పెద్ద తెర వెలిగింది. మంటలు లేవు, డీజే లేదు. చుక్కయ్య నుదుటి మచ్చ, ముక్కుపుటాల దగ్గర ఎగిరే దుమ్ము, బిగిసిన మెడ, అన్నీ చేత్తో తాకొచ్చన్నంత స్పష్టంగా కనిపించాయి. ఆ తర్వాత స్పీకర్లలో కోటి గొంతు నెమ్మదిగా వినిపించింది. "గెలవకపోయినా పర్లేదురా చుక్కయ్యా. కాలు జాగ్రత్త."

ఈలలు ఆగిపోయాయి. అంత జనంలోనూ బండ కదిలిన కిరకిర వినిపించింది. అది ఆగేసరికి మైదానం మొత్తం లేచి నిలబడి అరిచింది. తెర మీద అక్షరాలు పడ్డాయి. ఎడిటింగ్: పూర్ణిమ, నరసరావుపేట.

"ఎవరండీ ఈ పూర్ణిమ?" అన్నాడు వెంకటకృష్ణయ్య పక్కనున్నాయన.

"మా అమ్మాయి," అన్నాడు ఆయన. అడగనివాళ్ళకు కూడా చెప్పాడు.

దానయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "వీడు ఫోను పట్టుకుని ఊరికే తిరుగుతన్నాడనుకున్నా తల్లీ. మా వాడి మనసు నువ్వు చూపించావు నాకు," అన్నాడు పూర్ణిమతో. తర్వాత, మైదానానికి వచ్చినప్పటి నుంచి కొట్టాయనగారూ అని పిలుస్తున్నవాడు, వెంకటకృష్ణయ్య వైపు తిరిగి కొత్త పిలుపు పిలిచాడు.

"ఏమంటారు బావగారూ?"

బావగారు అన్న మాటకు అర్థం అడగాల్సిన పనిలేదు. కోటి తల వంచుకుని నేల మీద ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

వెంకటకృష్ణయ్య కండువా సర్దుకున్నాడు. ఆయన జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు. "ముందు మా అమ్మాయి స్టూడియో తెరవాలి. మీ అబ్బాయి సంగతి ఆ తర్వాతే."

వెనకే నిలబడ్డ పూర్ణిమ, తండ్రి చొక్కా చెయ్యి పట్టి లాగింది.

"రెండింటికీ ఒకే ముహూర్తం పెట్టిస్తే ఏం పోయింది నాన్నా?"