పిడి కుడివైపు తిరిగిన రోజు

ఆ ఆదివారం పొద్దున్న కూడా తోకుజి తిండికి రాకుండా బాకు ముందు బైఠాయించాడు. వంటింట్లో మిసో చారు చల్లారిపోతోంది. భార్య యాసుయో మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి గరిటె పట్టుకుని వచ్చేసింది.

"ఏవండీ, పదకొండింటికి వియ్యాలవారొస్తున్నారు. ఇంకా ఆ రేకుముక్కకి సేవలేనా?"

"రేకు కాదు, మిశ్రలోహం," అన్నాడాయన, మెత్తటి గుడ్డతో ఒర తుడుస్తూ.

"టోఫూ కూడా తెగదు దాంతో!"

నిజమే. సెకీ ఊళ్లో ముప్పై ఎనిమిదేళ్లు కత్తెరలకు పదును పెట్టి రిటైరైన మనిషి, పదునే లేని ఈ అలంకరణ బాకు కొనుక్కొచ్చి ముందుగదిలో, అతిథులు మొదట చూసే అలంకరణ అరుగు మీద ప్రతిష్ఠించాడు. వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం. పిడి ఎడమవైపు ఉంటే అతిథిని స్నేహంగా పిలిచినట్టు. కుడివైపు పెడితే చటుక్కున దూయడానికి సిద్ధమైనట్టు, అంటే కయ్యానికి కాలు దువ్వినట్టు. ఆ పాఠం పోస్టుమాన్‌కి కూడా చెప్పాడు. వినీ వినీ యాసుయో చెవులు తూట్లు పడ్డాయి.

ఆవిడకి అవతల సవాలక్ష పనులున్నాయి. ఒక్కగానొక్క కూతురు కనామి పెళ్లికి ఇవాళే తేదీ ఖాయం చేసుకోవాలి. పెళ్లికొడుకు ర్యోహేయ్, కనజావాలో కత్తులు సానబట్టే ఒకానో గారి అబ్బాయి.

"బూడిదరంగు కోటు వేసుకోండి. ఆ మూల కూర్చోండి. కత్తుల గురించి ఆయనకే ఎదురు పాఠం చెప్పకండి. మీరు నవ్వుతూ ఉంటే చాలు, మాటలు నేను చూసుకుంటాను."

"సరే," అన్నాడు తోకుజి.

తండ్రీకొడుకులు సరిగ్గా టైముకే వచ్చారు. ఒకానో గారు వంగి నమస్కరించి, మర్యాద ప్రకారం అరుగు వైపు తిరిగి చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. బాకు పిడి కుడివైపు ఉంది.

యాసుయో గబగబా టీ, చెస్ట్‌నట్ మిఠాయి తెచ్చి పెట్టింది. ఒకానో గారు మిఠాయి ముట్టలేదు. టీ సగం తాగి కప్పు కింద పెట్టాడు.

"తేదీ మాట ఇవాళ వద్దులెండి. ఇంట్లో అందరూ ఇంకోసారి మాట్లాడుకోండి," అని మర్యాదగానే లేచి, కొడుకుని వెంటబెట్టుకుని బస్సుకి వెళ్లిపోయాడు.

"అమ్మా! దుమ్ము దులుపుతూ తిప్పేశావా?" కనామి గొంతులో ఏడుపు.

"నేనే అయ్యుంటాను. నా చేతులు విరగ! ఏవండీ, మీరైనా చెప్పొద్దూ, మా ఆవిడ తెలీక అలా పెట్టిందని? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు!"

తోకుజి టీ కప్పులు ఎత్తడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన కప్పు ఎత్తడం యాసుయో ఎన్నడూ చూడలేదు. అప్పుడు తట్టిందావిడకి.

"ఆగండి. ముట్టుకోవద్దని మీరు గొడవ చేసినప్పట్నుంచీ నేను దాన్ని ముట్టుకోవడమే లేదు. చుట్టూ కుంచెతో దులుపుతానంతే. ఎవరు తిప్పారు?"

"నేనే."

"మతి పోయిందా? కన్నకూతురి పెళ్లి చెడగొడతారా? ఏం లోపం ఆ కుర్రాడికి?"

"లోపమేం లేదు. మంచివాడు."

"మరేమిటి మీ బాధ?"

తోకుజి కప్పులు కింద పెట్టేశాడు. "ఫిబ్రవరిలో మీరిద్దరూ అనుకున్నారు. మార్చిలో వాళ్లకు మాటిచ్చారు. మేలో నాకు చెప్పారు, కోటు కొనాలని. నన్నెవరైనా అడిగారా, యాసుయో? మన కనామి పెన్సిళ్లన్నీ నేనే చెక్కాను. పరీక్షకి వెళ్లే రోజున వరసగా పన్నెండు చెక్కిపెట్టేవాణ్ణి. అది వెళ్లిపోతుంటే నేనెక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పావు. నోరు తెరిచే సందు లేక నా మాట అలా బాకు తిప్పి చెప్పాను. తప్పే. ఆయన మొహం చూశాక నాకూ సిగ్గేసింది."

యాసుయోకి పాతవన్నీ గుర్తొచ్చాయి. ఇల్లు మారినా, పిల్లని కాలేజీలో వేసినా, అన్నీ తనే తేల్చేసింది. అడిగితే ఆయన నసుగుతాడని విసుగు. నసిగే మనిషికి అభిప్రాయమే లేదనుకుంది. తలుచుకుంటే ఆవిడకి ఏడుపొచ్చింది.

వెళ్లి ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను. మన కనామిని వాళ్లింటికి పంపిద్దామా?"

తోకుజి చాలాసేపు నసిగాడు. ఆవిడ తొందరపెట్టలేదు.

"పంపిద్దాం," అన్నాడు చివరికి. "సుఖపడుతుంది. కానీ నాకు చాలా బెంగగా ఉంటుంది." అంటూనే ఆయన కళ్లనిండా నీళ్లు.

"ఒక్కమాట అనొచ్చుగా నాన్నా!" కనామి ఆయన భుజానికి నుదురానించి వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి ఉలిక్కిపడి గడియారం చూసింది. "బస్సుకింకా పది నిమిషాలుంది. నేను పరిగెత్తుతాను."

"నువ్వాగు. నేనే వెళ్తాను." తోకుజి గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు.

"ఏవండీ, వెళ్లగానే ముందు ఆయనతో..." అని మొదలుపెట్టి యాసుయో ఆగిపోయింది. ఏప్రన్‌తో కళ్లు ఒత్తుకుంది.

"మీకేం తోస్తే అది చెప్పండి," అంది.